‘వెయ్యి’ అనే మాట పైన, ‘వద్దు’ అనే మాట కింద: సబ్‌స్టేషన్‌లో ఆటోమేటిక్ ట్రిగ్గర్ ఏ పెట్టెలో రాయాలి?

రాత్రి పదకొండున్నరకు షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. “సార్, కెపాసిటర్ బ్రేకర్ దానంతటదే క్లోజ్ అవుతోంది, దానంతటదే ఓపెన్ అవుతోంది. అరగంటలో కౌంటర్ 15 పెరిగింది. ఇందాకే రెండు ఫ్యూజులు కూడా పోయాయి.” ఆటో స్విచ్‌ని మాన్యువల్‌లో పెట్టి పడుకోమన్నాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ప్రోగ్రాం రాసింది నేనే.

మామూలు 33/11 కేవీ సబ్‌స్టేషన్ అది, పవర్ ఫ్యాక్టర్ సరిచెయ్యడానికి 2 ఎంవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) కెపాసిటర్ బ్యాంక్. నేను ఆర్టీయూలో (సబ్‌స్టేషన్ కొలతలు సేకరించి బ్రేకర్లకు కమాండ్లు ఇచ్చే కంప్యూటర్) పెట్టిన షరతు చూడ్డానికి ఎంతో సింపుల్. పవర్ ఫ్యాక్టర్ 0.9 ల్యాగ్ (రియాక్టివ్ పవర్ చాలని వైపు) కంటే తగ్గి నిమిషం నిలబడితే బ్యాంక్ వెయ్యి, అంటే బ్రేకర్ క్లోజ్ చెయ్యి; 0.95 లీడ్ (ఎక్కువైన వైపు) కంటే తగ్గి నిమిషం నిలబడితే తీసెయ్యి. పగలు బ్రహ్మాండంగా పని చేసింది. 4 మెగావాట్ల లోడ్ 0.85 పవర్ ఫ్యాక్టర్‌తో ఉంటే రియాక్టివ్ పవర్ 2.48 ఎంవీఏఆర్. బ్యాంక్ పడగానే 0.48కి దిగి పవర్ ఫ్యాక్టర్ 0.99 అవుతుంది. రాత్రి లోడ్ 1.5 మెగావాట్లకు పడిపోయింది, పవర్ ఫ్యాక్టర్ 0.88. అంటే కావలసింది 0.81 ఎంవీఏఆర్ మాత్రమే. దానికి 2 వేస్తే 1.19 అటువైపు పోయి 0.78 లీడ్ అవుతుంది. కాబట్టి తీసెయ్యి. తీస్తే మళ్లీ 0.88 ల్యాగ్, కాబట్టి వెయ్యి. ఆపరేటర్ ఫోన్ చెయ్యకపోతే తెల్లవార్లూ అదే ఆట.

మర్నాడు పవర్ ఫ్యాక్టర్‌ని పక్కన పెట్టి కేవీఏఆర్ మీద రాశాను (1000 కేవీఏఆర్ ఒక ఎంవీఏఆర్). 1500 ల్యాగ్ దాటితే వెయ్యి, 800 లీడ్ దాటితే తియ్యి. రెండిటి మధ్య దూరం 2300, బ్యాంక్ సైజు 2000. ఆ దూరం బ్యాంక్ సైజు కంటే ఎక్కువ ఉన్నంతకాలం ఆట మొదలవ్వదు. ఈ ఒక్క లెక్క తెలియకుండా కెపాసిటర్ లాజిక్ రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ ఒకప్పుడు వాళ్లలో ఒకణ్ణే.

ఫ్యూజుల సంగతి వేరు. బ్యాంక్ తీసేశాక కెపాసిటర్లో ఛార్జ్ అలాగే ఉంటుంది, లోపలి డిశ్చార్జ్ రెసిస్టర్ దాన్ని మెల్లగా దించుతుంది. హైవోల్టేజ్ కెపాసిటర్ 10 నిమిషాల్లో 75 వోల్టులకు దిగాలని ఐఈసీ 60871 చెబుతుంది. నేను నిమిషానికే మళ్లీ వేశాను. నిమిషానికి సగం పైనే ఛార్జ్ మిగిలి ఉంటుంది. దాని మీద ఎదురు పోలారిటీలో వోల్టేజ్ పడితే ఇన్‌రష్ (వేసిన క్షణంలో ఎగబడే కరెంట్) ఏ స్థాయిలో ఉంటుందో ఫ్యూజులే చెప్పాయి.

ఇప్పుడు ఈ 10 నిమిషాల లెక్క ఎక్కడ పెట్టాలి? ఆర్టీయూ ప్రోగ్రాంలో ఒక టైమర్ కలిపితే రెండు నిమిషాల పని. అక్కడ పెట్టలేదు. ఎందుకంటే ఆర్టీయూ తన మాట వరకే ఆపుకోగలదు. ఆపరేటర్ ప్యానెల్ మీద టీఎన్‌సీ (ట్రిప్–న్యూట్రల్–క్లోజ్) స్విచ్ తిప్పి వేస్తే దాన్ని ఆర్టీయూ ఎలా ఆపుతుంది? అందుకని కెపాసిటర్ ఫీడర్ రిలేలో (ఫాల్ట్ వస్తే బ్రేకర్‌ని ట్రిప్ చేసే పరికరం) పెట్టి, ఆ రిలే కాంటాక్ట్‌ని క్లోజ్ కాయిల్ సర్క్యూట్‌లో సిరీస్‌లో వైర్ చేయించాను. ఇక ఎవరు వేసినా, ఎక్కడినుంచి వేసినా 10 నిమిషాలు ఆగాల్సిందే. రిలే చచ్చిపోతే కాంటాక్ట్ తెరుచుకునే ఉంటుంది, బ్యాంక్ పడదు. ప్రొటెక్షన్ లేని బ్రేకర్ పడకపోవడమే కావాలి కూడా.

అప్పటినుంచి ఏ ట్రిగ్గర్ రాసినా దాన్ని రెండుగా చీల్చి చూస్తాను. ‘వెయ్యి’, ‘తియ్యి’ అనే నిర్ణయానికి సమాచారం ఎక్కువ కావాలి, కాబట్టి పై పెట్టెలో, అంటే ఆర్టీయూ లాంటి ఎక్కువ చూడగల చోట, ఉండొచ్చు. ‘వద్దు’ అనే మాట మాత్రం బ్రేకర్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పెట్టెల్ని ఈ కళ్లతోనే పోలుస్తాను.

పాత పద్ధతి: ఆక్సిలరీ రిలేలు, టైమర్లు, వైరింగ్

కొత్తగా చేరిన ఇంజినీర్లు దీన్ని చూసి నవ్వుతారు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఫాల్ట్‌ని గ్యాస్‌తో పట్టే బుకోల్జ్ రిలే కాంటాక్ట్ నుంచి 86 మాస్టర్ ట్రిప్‌కి, అక్కడినుంచి ట్రిప్ కాయిల్‌కి ఉన్న ఆ రెండు వైర్లని ఏ ప్రోగ్రాంతోనూ మార్చొద్దని నా సలహా. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, డ్రాయింగ్ ప్యానెల్ తలుపు జేబులోనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాన్లు కూడా అంతే. వైండింగ్ టెంపరేచర్ ఇండికేటర్‌కి కాంటాక్టులున్నాయి. ఉదాహరణకు 65 డిగ్రీలకు ఆన్, 55కి ఆఫ్ అని అక్కడే సెట్ చేస్తే సరిపోతుంది. ఆర్టీయూకి ఒకే పని ఇవ్వండి: ఫ్యాన్ ఆన్ అయ్యాక మోటార్ కరెంట్ రాకపోతే అలారం కొట్టమనండి.

లోపాలు లేకపోలేదు. చిన్న మార్పుకి కూడా ఎల్సీ (లైన్ క్లియర్, సప్లై ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని వైర్ మార్చాలి. ఏ కాంటాక్ట్ ఎప్పుడు పడిందో రికార్డు ఉండదు. షరతులు నాలుగు దాటితే ప్యానెల్ లోపల సేమ్యాలా తయారవుతుంది.

రిలే లోపలి లాజిక్

ఇప్పుడొస్తున్న న్యూమరికల్ (మైక్రోప్రాసెసర్) రిలేల్లో చాలావాటిలో ఉంది. సిమెన్స్ సిప్రోటెక్‌లో సీఎఫ్‌సీ, మైకామ్‌లో పీఎస్ఎల్, జీఈ యూఆర్‌లో ఫ్లెక్స్‌లాజిక్, ఎస్ఈఎల్‌లో సెలాజిక్. పేర్లే వేరు, పని ఒకటే. కమ్యూనికేషన్ పోయినా స్టేషన్ బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది. మిల్లీసెకండ్లలో స్పందిస్తుంది. ఏ క్షణాన ఏ షరతు నిజమైందో ఈవెంట్ లిస్టులో వరసగా చూపిస్తుంది. ఇది చిన్న సంగతి కాదు. ట్రిప్ అయిన మర్నాడు అందరూ మన వైపు చూసేటప్పుడు ఆ లిస్టే దిక్కు.

ఆటో రీక్లోజ్‌ని (ట్రిప్ అయిన బ్రేకర్‌ని దానంతటదే మళ్లీ వెయ్యడం) దీనిలో తప్ప ఇంకెక్కడా పెట్టకండి. 79 అనే ఫంక్షన్ రిలేలో రెడీగా ఉంటుంది, కొత్తగా రాయాల్సిన పని లేదు. బ్రేకర్ నేమ్‌ప్లేట్ మీద ఓ–0.3 సెకన్లు–సీఓ–3 నిమిషాలు–సీఓ అని ఉంటుంది (ఓ అంటే ఓపెన్, సీఓ అంటే క్లోజ్ అయి వెంటనే ఓపెన్). అది బ్రేకర్ ఓపిక. మొదటి షాట్ (మళ్లీ వేసే ప్రయత్నం) 0.3 సెకన్లకు ఇవ్వొచ్చు, రెండో షాట్‌కి 3 నిమిషాలు ఆగాలి. ఆర్టీయూలో ఒకాయన రెండు షాట్లూ 20 సెకన్ల తేడాతో రాసిన ప్రోగ్రాం చూశాను. స్ప్రింగ్ ఛార్జ్ అయిందా లేదా అనే ఇన్‌పుట్ కూడా అందులో లేదు.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి. పొలాల మీదుగా పోయే 11 కేవీ ఫీడర్లో ఎర్త్ ఫాల్ట్ (కరెంట్ నేలకు పోయే ఫాల్ట్) మీద నేను రీక్లోజ్ పెట్టను. ఓవర్‌హెడ్ లైన్లో ఎక్కువ ఫాల్టులు తాత్కాలికమే, నిజమే. కానీ తెగి మడిలో పడ్డ తీగకు మళ్లీ కరెంట్ ఇచ్చేది కూడా అదే 79. ఇంటరప్షన్ల లెక్క కొంచెం పెరిగితే పెరగనివ్వండి. ఓవర్ కరెంట్ మీద ఒక్క షాట్ చాలు.

అండర్ ఫ్రీక్వెన్సీ (ఫ్రీక్వెన్సీ పడిపోతే ఫీడర్లు తీసేసే ట్రిగ్గర్) కూడా రిలేలోనే. గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ ఎక్కడ కొలిచినా దాదాపు ఒకటే కాబట్టి పై పెట్టె సాయం అక్కర్లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటినుంచి ఉత్తరాన జనరేషన్ పోయినా కర్నూలులో ఫ్రీక్వెన్సీ దిగుతుంది. దాని ‘వద్దు’ మర్చిపోకండి: పీటీ (వోల్టేజ్ కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) ఫ్యూజ్ పోయి వోల్టేజ్ పడిపోయినప్పుడు రిలే చూపే ఫ్రీక్వెన్సీని నమ్మకూడదు. అండర్ వోల్టేజ్ బ్లాక్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

రిలే లాజిక్‌తో ఇబ్బందులు రెండు. మొదటిది, దానికి తన బే (ఒక ఫీడర్‌కో ట్రాన్స్‌ఫార్మర్‌కో చెందిన భాగం) తప్ప పక్క బే కనపడదు. రెండోది మనుషుల సంగతి. రిలే పాడై కొత్తది పెట్టినప్పుడు ఎంఆర్టీ (మీటర్, రిలే టెస్టింగ్) వాళ్లు ఓవర్ కరెంట్, ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్స్ వేసి, సెకండరీ ఇంజెక్షన్ టెస్టు చేసి, సంతకం పెట్టి వెళ్లిపోతారు. లాజిక్ ఫైల్ ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉందో ఎవరికీ తెలియదు. సెట్టింగ్ షీట్‌లోనే లాజిక్ పేజీ ప్రింట్ తీసి కలిపి పెడితే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

ఆర్టీయూ లేదా స్టేషన్ కంట్రోలర్

అన్ని బేలనీ చూడగలిగేది ఇదొక్కటే. ఐఈసీ 61131-3 భాషల్లో రాస్తాం కాబట్టి పీఎల్‌సీ తెలిసిన ఎవరైనా చదవగలరు. కెపాసిటర్ ‘వెయ్యి, తియ్యి’ ఇక్కడే ఉండాలి, ఎందుకంటే కొలత పీటీఆర్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్) ఎల్వీ, అంటే 11 కేవీ వైపుది, వేయాల్సింది వేరే ఫీడర్ బ్రేకర్. వ్యవధి నిమిషాల్లో ఉన్న పనులన్నిటికీ ఇది సరైన చోటు. సెకండ్ లోపు కావలసిన దేనికీ కాదు. ఒకే సీరియల్ లైన్ మీద 20 రిలేల్ని మోడ్‌బస్ ప్రోటోకాల్‌తో ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే చివరి రిలే వంతు వచ్చేసరికి దాని కబురు పాతబడి ఉంటుంది.

పాత కబురే ఇక్కడి పెద్ద ప్రమాదం. కమ్యూనికేషన్ తెగితే చాలా ఆర్టీయూలు చివరి విలువనే పట్టుకుని కూర్చుంటాయి. కేవీఏఆర్ 1600 దగ్గర ఆగిపోయిందనుకోండి, ప్రోగ్రాం దృష్టిలో అది ఎప్పటికీ 1600. అందుకే ప్రతి కొలతతో పాటు దాని క్వాలిటీని కూడా షరతులో కలపాలి. నా కెపాసిటర్ ప్రోగ్రాం చివరికి ఇలా నిలబడింది:

ఆర్టీయూలో:
వెయ్యి = కేవీఏఆర్ 1500 ల్యాగ్ పైన 5 నిమిషాలు నిలకడగా ఉంది + కొలత క్వాలిటీ బాగుంది + ఆటో ఆన్ + స్విచ్ రిమోట్‌లో ఉంది
తియ్యి = కేవీఏఆర్ 800 లీడ్ పైన 5 నిమిషాలు నిలకడగా ఉంది + కొలత క్వాలిటీ బాగుంది + ఆటో ఆన్ + స్విచ్ రిమోట్‌లో ఉంది

కెపాసిటర్ రిలేలో:
క్లోజ్‌కి అనుమతి = బ్రేకర్ ఓపెన్ అయి 10 నిమిషాలు దాటింది + అన్‌బ్యాలెన్స్ ట్రిప్ రీసెట్ అయింది + ఓవర్ వోల్టేజ్ లేదు

కమాండ్ పల్స్, అంటే బ్రేకర్‌కి కమాండ్ ఎంతసేపు ఇవ్వాలి అనే విషయం కూడా చెప్పాలి. పల్స్ మరీ చిన్నదైతే కాయిల్ కరెంట్‌ని బ్రేకర్ ఆక్సిలరీ కాంటాక్ట్ తెంచకముందే అవుట్‌పుట్ కాంటాక్ట్ తెంచాల్సి వస్తుంది. చాలా రిలేల కాంటాక్టులు 30 ఆంపియర్లతో మూసుకోగలవు కానీ 110 వోల్టుల డీసీలో కాయిల్ లాంటి లోడ్‌ని తెంచాలంటే అర ఆంపియర్ కూడా వాటికి భారమే. ఒకటి రెండు సార్లు ఊరుకుంటాయి, తర్వాత అతుక్కుపోతాయి. అతుక్కున్న క్లోజ్ కాంటాక్ట్‌తో ఆ రాత్రి ఫాల్ట్ వస్తే బ్రేకర్‌ని కాపాడేది యాంటీ పంపింగ్ (కమాండ్ నిలిచి ఉన్నా బ్రేకర్ మళ్లీ మళ్లీ పడకుండా ఆపే ఏర్పాటు) ఒక్కటే.

ఓఎల్‌టీసీ (లోడ్ ఉండగానే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజ్ సరిచేసేది) ఆటోని మాత్రం ఆర్టీయూలో సొంతంగా రాయకండి. దానికి 90 నంబర్ ఏవీఆర్ (వోల్టేజ్ రెగ్యులేటర్) రిలే వేరే ఉంది. ట్యాప్‌కి 1.25 శాతం మారే ట్రాన్స్‌ఫార్మర్లో మీ బ్యాండ్ అంతకంటే వెడల్పుగా లేకపోతే మళ్లీ నా కెపాసిటర్ కథే. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ప్యారలల్‌లో ఉంటే సర్క్యులేటింగ్ కరెంట్ లెక్క కూడా తోడవుతుంది. ఏవీఆర్‌లో ఇదంతా ముందే ఉంది.

గూస్: రిలే నుంచి రిలేకి

ఐఈసీ 61850 (సబ్‌స్టేషన్ పరికరాల కమ్యూనికేషన్ ప్రమాణం) ఉన్న చోట పక్క రిలే కబురు నేరుగా నెట్‌వర్క్ మీద అందుకోవచ్చు. ఆ కబురు పేరే గూస్. ట్రిప్ లాంటి అత్యవసర సందేశానికి ఆ ప్రమాణం పెట్టిన గడువు 3 మిల్లీసెకండ్లు. దీనికి తగిన పని 11 కేవీ బస్ (ఫీడర్లన్నీ కలిసే కడ్డీ) రివర్స్ బ్లాకింగ్. ఫీడర్లో ఫాల్ట్ అయితే ఫీడర్ రిలే ‘ఇది నా దగ్గర, నువ్వు ఆగు’ అని ఇన్‌కమర్ (బస్‌కి సప్లై తెచ్చే బ్రేకర్) రిలేకి చెబుతుంది. ఏ ఫీడరూ చెప్పకపోతే ఫాల్ట్ బస్‌లోనే ఉన్నట్టు, ఇన్‌కమర్ వెంటనే ట్రిప్ చేస్తుంది.

మరి ఆ నెట్‌వర్క్ స్విచ్ పాడైతే? గూస్ సందేశం మార్పు లేకపోయినా ఆగకుండా వస్తూనే ఉంటుంది కాబట్టి ఆగిపోయిందంటే రిలేకి తెలుస్తుంది. అప్పుడు ఏ విలువ తీసుకోవాలో మనం ముందే రాయాలి. నేను ‘బ్లాక్ ఉంది’ అనే రాస్తాను. వేగం పోతుంది, టైమ్ గ్రేడింగ్ (ఫీడర్ ముందు, ఇన్‌కమర్ తర్వాత ట్రిప్ అయ్యే వరస) మిగులుతుంది. ఎదురుగా రాస్తే ఒక్క ఫీడర్ ఫాల్ట్‌కి బస్ మొత్తం పోతుంది.

రెండు పీటీఆర్‌ల మధ్య బస్ కప్లర్ ఆటో చేంజోవర్‌కి (ఒకటి పోతే దాని బస్‌ని రెండోదానికి కలపడం) కూడా గూస్ బాగుంటుంది. ‘వెయ్యి’ తేలిక: పీటీఆర్-1 ఎల్వీ బ్రేకర్ ట్రిప్ అయింది, బస్ డెడ్, అవతలి వైపు లైవ్. ‘వద్దు’ చూడండి. ట్రిప్ అయింది ఓవర్ కరెంట్ మీదైతే వద్దు, ఆ బస్‌లో ఫాల్ట్ ఉండొచ్చు. రెండు 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ల మీద ట్రిప్‌కి ముందు మొత్తం లోడ్ 7 ఉంటే వద్దు, లేదా ముందు రెండు ఫీడర్లు తీసి వెయ్యాలి. ట్రిప్ అయ్యాక లోడ్ చూస్తే సున్నానే కనబడుతుంది కాబట్టి ట్రిప్‌కి ముందు విలువని పట్టి ఉంచే బ్లాక్ ఒకటి ఉండాలి. ఇది మర్చిపోయిన డిజైన్‌లో చేంజోవర్ పది నిమిషాలు బాగానే పని చేసినట్టు కనిపించి, తర్వాత రెండో ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా లాక్కుపోతుంది.

అయితే ఆరు ఫీడర్ల చిన్న సబ్‌స్టేషన్లో, నాలుగు కంపెనీల రిలేలు కలిసి ఉన్న చోట, గూస్ కోసం తాపత్రయపడొద్దు. అదే బ్లాకింగ్‌ని ఒక జత వైర్లతో చేసుకోవచ్చు. ఎస్‌సీడీ ఫైల్ (స్టేషన్ గూస్ ఏర్పాట్లన్నీ ఉండే ఫైల్) మార్చగలిగే మనిషి సర్కిల్‌లో ఒక్కరూ లేకపోతే ఆ ఫైల్ ఉండి ఏం లాభం?

స్కాడా సెంటర్ నుంచి

స్కాడా సెంటర్ అంటే చాలా సబ్‌స్టేషన్లని దూరం నుంచి చూసి నడిపే కంట్రోల్ రూమ్. అక్కడ టైమ్ ప్రకారం ఫీడర్లు వెయ్యడం, లోడ్ రిలీఫ్ లిస్టులు. అంతే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలు ఇస్తున్నారు కాబట్టి అక్కడ ఈ టైమ్ ట్రిగ్గర్ అవసరం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో పగటి 9 గంటల వ్యవసాయ ఫీడర్లకు ఇంకా పనికొస్తుంది. షెడ్యూల్ సెంటర్లో ఉన్నా, దాని కాపీ ఆర్టీయూలో ఉండి గడియారం జీపీఎస్‌తో సరిపోతూ ఉంటే లింక్ పోయిన రోజు రైతులు సబ్‌స్టేషన్‌కి రారు.

అసలు భయం ఎల్సీతోనే. లైన్‌మన్ పోల్ ఎక్కి ఉండగా షెడ్యూల్ టైమ్ వచ్చిందనుకోండి. సెంటర్లో ఎల్సీ ట్యాగ్ పెట్టారు, అది సెంటర్ నుంచి వచ్చే కమాండ్‌ని ఆపుతుంది. ఆర్టీయూలో ఉన్న షెడ్యూల్ కాపీని ఆపుతుందా? ప్యానెల్ స్విచ్‌ని ఆపుతుందా? అందుకే ఫీడర్ ప్యానెల్ మీద లోకల్/రిమోట్ స్విచ్ లోకల్‌లో ఉంటే ఏ ఆటోమేటిక్ క్లోజ్ కూడా కాయిల్ దాకా పోకుండా వైరింగ్‌లోనే తెగిపోవాలి, సాఫ్ట్‌వేర్ షరతుగా మాత్రమే కాదు. అది ఉన్నా ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తీయడం, ఎర్త్ రాడ్లు వెయ్యడం మానొద్దు. ఏ ప్రోగ్రామూ ఎర్త్ రాడ్‌కి సాటి రాదు.

ఏ భాషలో రాయాలి?

దీని మీద వాదనలు చాలా జరుగుతాయి, నాకు అంత పట్టింపు లేదు. లాడర్ అయితే పాత వైరింగ్ డ్రాయింగ్ చదివే వాళ్లందరికీ అర్థమవుతుంది. బ్లాకుల బొమ్మ ఒక్క ఏ4 పేజీలో పడితే అదే అన్నిటికంటే మేలు. స్ట్రక్చర్డ్ టెక్స్ట్ లెక్కలకు బాగుంటుంది, కానీ రాత్రి ప్యానెల్ ముందు నిలబడి చదవలేం.

పట్టింపు ఉన్నది ఒక్క చోటే. ‘వెయ్యి’ని షరతు అబద్ధం నుంచి నిజానికి మారే క్షణం మీద రాయండి, అంటే రైజింగ్ ఎడ్జ్ మీద. ‘వద్దు’ని షరతు ఉన్నంతసేపు నిలిచే లెవెల్ మీద రాయండి. ‘వెయ్యి’ని లెవెల్ మీద రాస్తే ఆర్టీయూ రీస్టార్ట్ అయిన మరుక్షణం, అప్పటికే నిజమై ఉన్న షరతు చూసి బ్రేకర్‌కి క్లోజ్ కమాండ్ ఇచ్చేస్తుంది. ‘వద్దు’ని ఎడ్జ్ మీద రాస్తే రీస్టార్ట్‌తో అది మాయమవుతుంది.

ఒప్పుకునే ముందు టెస్టులు బెంచ్ మీద కాదు, ప్యానెల్ దగ్గర చేయించండి. బ్రేకర్‌ని టెస్ట్ పొజిషన్‌లో పెట్టి, షరతు నిజమై ఉండగా ఆర్టీయూ డీసీ ఎంసీబీ తీసి మళ్లీ వెయ్యండి, ఏ కమాండూ రాకూడదు. కొలత వచ్చే కేబుల్ పీకండి, ఆటో దానంతటదే ఆగి అలారం రావాలి. ఇక కెపాసిటర్ బ్రేకర్ తీసిన మూడో నిమిషంలో రిలే సప్లై ఆపి మళ్లీ ఇవ్వండి. టీఎన్‌సీ స్విచ్‌తో వేసి చూడండి. రిలే 10 నిమిషాల్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. నా మొదటి ప్రయత్నంలో అది సున్నా నుంచి కాక ‘అయిపోయింది’ దగ్గరనుంచి మొదలైంది. బ్రేకర్ టక్కున పడింది. టెస్ట్ పొజిషన్‌లో ఉంది కాబట్టి సరిపోయింది.